రోహిణీశకటభేదము : శనిపురాణమును కఱవుసీమయును

ఉగాదినాడు అనంతపుర ప్రాంతపు గ్రామములలో పంచాంగశ్రవణము జరుగునపుడు రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ యేటి మేఘాధిపతి యెవరు? వాన యెంత? ఈ ప్రశ్నను మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చుట సులభము; శాస్త్రమని శిరసావహించుటయు సులభమే. చరిత్ర పరిశోధకునకు ఈ రెండును చాలవు. గ్రహమునకు వానపై ఆధిపత్య మెట్లు కలిగెను, ఆ యాధిపత్యమునకు పురాణ మేమి రూపమిచ్చెను అనునది విచారించుటయే ప్రకృత వ్యాసోద్దేశము.

వైదిక వాఙ్మయమున నక్షత్రములకు గల ప్రాముఖ్యము గ్రహములకు లేదు. తైత్తిరీయ సంహితలో కృత్తికకు అగ్నియు, రోహిణికి ప్రజాపతియు అధిదేవతలు. ప్రజాపతి పుత్రికలలో రోహిణినొక్కతెనే ప్రేమించి సోముడు క్షయరోగ పీడితుడైన కథయు అందే కలదు. వేదాంగజ్యోతిషము సూర్యచంద్రుల గతిని గణించినదే కాని రాశులనుగాని వారములనుగాని ఎఱుగదు. వారాధిపతుల క్రమము హోరాగణనమునుండి పుట్టినది. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులను మందగతి మొదలుగా వరుసనుంచి, దినమునకు 24 హోరలను పంచిన యెడల, ప్రథమహోరాధిపతియే ఆ దినమునకు అధిపతి యగును. హోర అను పదమే యవనశబ్దము. వరాహమిహిరుడు యవనుల జ్యోతిషజ్ఞానమును బృహత్సంహితలో గౌరవముతో పేర్కొనెను. మన దేశపు శాసనములలో వారము పేర్కొనబడిన వానిలో ప్రాచీనమైనదిగా ప్రసిద్ధి కెక్కినది క్రీ. శ. 484 నాటి బుధగుప్తుని ఏరణ్ శాసనము.

ఇట్లు వచ్చిన గణితమునకు పురాణము బంధుత్వమును కల్పించినది. శని సూర్యునకు ఛాయవలన కలిగిన కుమారుడు, బుధుడు చంద్రతారలకు పుట్టినవాడు, కుజుడు భూమిసుతుడు, రాహువు అమృతమథనమున శిరస్సు తెగిన దైత్యుడు. ఆకాశము ఒక కుటుంబమైనది. కుటుంబమనగానే రాగద్వేషములును ప్రవేశించినవి. శని రాశిచక్రమును ఒకమాఱు చుట్టివచ్చుటకు సుమారు 29½ సంవత్సరములు పట్టును. శనైశ్చరుడు, మందుడు, పంగువు అను నామములు ఈ మందగమనమునే తెలుపుచున్నవి. ఏలినాటి శని ఏడున్నర యేండ్లుండుటయు రాశికి రెండున్నర యేండ్ల చొప్పున మూడు రాశులు దాటుటవలననే.

ఈ శనికి అనావృష్టితో గల సంబంధమునకు మూలము రోహిణీశకటభేదము. రోహిణీ నక్షత్రమండలము బండి యాకృతిలో కానవచ్చును. శనిగాని కుజుడుగాని కేతువుగాని ఆ శకటమును భేదించినచో లోకమునకు మహావిపత్తు తప్పదని బృహత్సంహిత చెప్పుచున్నది. పండ్రెండేండ్లు వాన కురియదను మాటను పంచతంత్రమున కొంగయు ఎండ్రకాయయు గల కథలో కూడ చూడవచ్చును. పద్మపురాణము దీనిని కథగా మలచినది. శని కృత్తిక చివర నుండి రోహిణిని చొరబోవుచున్నాడని విని దశరథుడు వసిష్ఠాదులతో ఆలోచించెను. వారికిని ఉపాయము తోపకపోగా, తానే రథమెక్కి నక్షత్రమండలమునకు పోయి, సంహారాస్త్రమును సంధించి శని కెదురుగా నిలిచెను. శని అతని పౌరుషమునకు మెచ్చి వరమిచ్చెను. రోహిణీ శకటమును భేదింపవలదనియు, పండ్రెండేండ్ల కఱవు రావలదనియు రాజు కోరెను. తరువాతనే స్తోత్రము చేసెను. అస్త్రము ముందు, స్తోత్రము వెనుక అను క్రమమును పాఠకులు గమనింతురు గాక.

గణకుల తీర్పు వేఱు. సూర్యసిద్ధాంతము ప్రకారము వృషభమున 17వ భాగమునందు దక్షిణవిక్షేపము 2 భాగములకు మించిన గ్రహమే శకటమును భేదింపగలదు. 1520 ప్రాంతమున గణేశదైవజ్ఞుడు తన గ్రహలాఘవమున, కుజశనులకు ఇట్టి శకటభేదము యుగాంతరమున సంభవింపవచ్చును గాని ఇప్పటి పాతస్థితిలో కలుగదని స్పష్టముగా చెప్పెను. అనగా ఈ భయమును తొలగించిన వారు పరదేశీయులు కారు. మన సంప్రదాయములోని గణకులే.

ఇక మన సీమను చూతము. నైరృతి పవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య పవనములు తూర్పుతీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనమగును. అందుచే ఇచ్చట సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే సామాన్యము. ప్రజలు కఱవులను సంవత్సర నామములతోనే గుర్తుంచుకొనిరి: 1832–33 నాటిది నందన కఱవు, 1876–78 నాటిది ధాత కఱవు. ధాత కఱవు నాటికి అనంతపురము ఇంకను బళ్లారి మండలములోనిదే. 1882లోగాని వేఱు మండలము కాలేదు. ఆ కఱవు ఆరంభమున శని కుంభరాశియందుండెను. రోహిణికి ఎంతయో దూరము. ఆనాటి అనావృష్టికి పసిఫిక్ సముద్రజలముల వేడిమితో సంబంధము కలదని నేటి వాతావరణ శాస్త్రజ్ఞుల నిర్ణయము.

అయినను రైతు పంచాంగములో అన్నియు ఒకే తరగతికి చెందినవి కావు. రవి ఒక్కొక్క నక్షత్రమున సుమారు 13, 14 దినము లుండుటయే కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత ఋతుపరిశీలన ఫలము. మేఘాధిపతియన్ననో, రవి ఆర్ద్రలో ప్రవేశించిన వారమునకు అధిపతి మాత్రమే. మొదటిది అనుభవము, రెండవది వారక్రమముపై నిలిచిన ఊహ. రెండును ఒకే పుటలో నుండుటచే రెంటిని ఒకటిగా భావించుట పొరపాటు.

1369లో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు పొరుగుననున్న కడప సీమలో పోరుమామిళ్ల చెఱువును నిర్మింపజేసి శాసనము వేయించెను. మంచి తటాకమునకు 12 సాధనములు వలయునని అది చెప్పుచున్నది. ధర్మపరుడైన ప్రభువును, జలశాస్త్రవేత్తయు అందులోనివారే. వేయిమంది పనివారు రెండేండ్లు శ్రమించిరి. 1877లో కఱవు పనులకు వచ్చిన వారికి రిచర్డు టెంపుల్ దినకూలిని ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గించెను. దశరథుని కథకు ఈ రెండింటిలో ఏది సన్నిహితమో వేఱుగ చెప్పనక్కఱలేదు. శకటభేదము గణితమునకు నిలువదు. కాని కఱవు వచ్చునని తెలిసినపుడు ప్రభువు ప్రజలను నిందింపక తానే ఎదురేగవలెనను ధర్మమును ఆ కథ కాపాడినది. శనిపురాణమునందు చరిత్రకారుడు గ్రహింపవలసిన సారాంశ మిదియే.