తెర మీద డబ్బాలు: తెలుగు పుట తెరుచుకోని కాలపు ముచ్చట

ఆయుర్వేదంలో నిదానమని ఒక భాగమున్నది. లక్షణాన్ని బట్టి రోగాన్ని, రోగాన్ని బట్టి దాని మూలాన్ని పట్టుకోవడం నిదానం చేసే పని. ఇంటి కంప్యూటరులో తెలుగు పుట తెరుచుకోకపోవడమనే రుగ్మతకు కూడా అటువంటి నిదానశాస్త్రమొకటి మన కళ్ళముందే పుట్టి, మన కళ్ళముందే మరుగున పడిపోయింది. దానిని ఎవరూ గ్రంథస్థం చేసినట్లు లేదు. మిత్రులారా, మీలో పలువురు ఆ వైద్యం చేసినవారే, చేయించుకున్నవారే. జ్ఞాపకమున్నంతవరకు కాగితం మీద, కాదు, తెర మీద పెట్టడం మంచిదనిపించింది.

రోగలక్షణాలు ప్రధానంగా నాలుగు రకాలుగా కనిపించేవి. పుట నిండా ఖాళీ డబ్బాలు వరుసకట్టి నిలిస్తే, అక్షరం వచ్చింది గాని దానికి రూపమిచ్చే ఖతి లేదని అర్థం. ప్రశ్నార్థకాలు వరుసగా వస్తే అక్షరం దారిలోనే హతమైపోయిందని తెలుసుకోవాలి. దానికి చదువరి చేయగల చికిత్స లేదు. మూడవది విచిత్రమైనది. నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు 'ఏ' అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే 'ఏ', ఈసారి పక్కన కూడిక తీసివేతలు కలిసిన గుర్తు, ఇట్లా పుట పొడవునా సాగేది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. వాటిలో మొదటిది తెలుగంతటికీ ఒక్కటే. దానిని పాశ్చాత్యలిపి సంకేతంగా చదివితే ఆ నెత్తిగీత 'ఏ' అవుతుంది. రెండవ బైటు అచ్చులకు, హల్లులకు డిగ్రీ గుర్తుగాను, ఉకారం, ఎకారం, పొల్లు వంటి వాటికి కూడిక తీసివేత గుర్తుగాను కనిపిస్తుంది. అంటే ఆ పిచ్చిగీతలలో కూడా హల్లేదో గుణింతమేదో కొంతవరకు పోల్చుకోవచ్చు! వ్యూ మెనూలో ఎన్‌కోడింగ్ అనేచోట యూటీఎఫ్-8 ఎంచుకుంటే రోగం క్షణంలో కుదిరేది. నాలుగవ లక్షణం శుద్ధ ఇంగ్లీషు అక్షరాల అర్థరహిత సమాసం. అన్నిటికంటే మొండిది అదే. దానిని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

అంతకుముందు తీగ సంగతి ఒక మాట. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందినది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. ఆ తరువాత చాలా ఏండ్లు ఊళ్ళకు వచ్చినది ఫోను తీగ మీది డయలప్పే. మోడెము మీద 56 అని రాసి ఉండేది. అవి కిలోబిట్లు. అంటే ఎంత బాగా పనిచేసినా సెకనుకు ఏడు కిలోబైట్లు. వంద కిలోబైట్ల ఖతి దిగుమతి కావడానికి దాదాపు పావు నిమిషం పట్టాలి. పల్లెతీగల మీద ఇంకెంతో చెప్పనక్కరలేదు. నడుమ ఫోను మోగిందా, అంతా మొదటికి. అందుచేత పుట తెరుచుకోకపోతే తొలి పరీక్ష, మరొక పుట తెరుచుకుంటున్నదా అని చూడడం. అది తెరుచుకుంటే తీగ నిర్దోషి. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండు 2005 జనవరిలో మొదలైన తరువాత క్రమంగా ఈ బాధ తగ్గింది.

ఇక ఇంగ్లీషు సమాసం. పాత ఖతులలో 256 గదులే ఉండేవి. ఇంగ్లీషు అక్షరాల గదులలో మన అక్షరాల తునకలను కూర్చోబెట్టేవారు. ఒక గదిలో తలకట్టు, మరొక గదిలో కొమ్ము, ఇంకొక దానిలో తలకట్టు లేని హల్లు, వేరొక దానిలో వత్తు. సీసపు అక్షరాలతో అచ్చువేసే రోజులలో ప్రెస్సుకు వెళ్ళినవారికి ఈ ఏర్పాటు కొత్తకాదు. కంపోజిటరు ముందర గదుల గదుల కేసు ఉండేది. ఏ గదిలో ఏ తునక ఉన్నదో అతని వేళ్ళకు తెలుసు. చిక్కేమిటంటే, ఇక్కడ ఒక్కొక్కరి కేసు ఒక్కొక్క తీరు. ఈనాడు ఖతి వేరు, వార్త ఖతి వేరు, ఆంధ్రజ్యోతి ఖతి వేరు. ఒకరి గదిలోని కకారం ఇంకొకరి గదిలో సకారం. పుటతోపాటు ఆ ఖతి కూడా వస్తేనే చదవగలం.

ఖతిని పుటతోపాటు పంపే ఉపాయం 1997లో వచ్చింది. నెట్‌స్కేపుది ఒక పద్ధతి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుది మరొక పద్ధతి, ఒకటి రెండవదానికి పనికిరాదు. తెలుగు పత్రికలు ఎక్కువగా ఎక్స్‌ప్లోరరు వైపే మొగ్గాయి. కనుక మొజిల్లా ఫైర్‌ఫాక్సు వాడేవారికి ఎంత వెలుగు ఉన్నా చీకటే. పుట 'తెరుచుకోలేదు' అని అనరాదు. తెరుచుకున్నది, పలకలేదు.

ఈ ప్రెస్సు పద్ధతికి ప్రత్యామ్నాయంగా యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అదే ఏడు భారతీయ ప్రమాణమైన ఇస్కీ కూడా ప్రకటితమైంది. ఇక్కడ స్థానం తునకకు కాదు, వర్ణానికి. క, పొల్లు, ష అని మూడు సంకేతాలు వరుసగా వస్తే దానిని క్షకారంగా మలచవలసిన బాధ్యత కంప్యూటరుది. వర్ణమాల నేర్పి బతికినవాణ్ణి కనుక ఈ పద్ధతి నాకు చూడగానే నచ్చింది. మన ప్రాచీనులు చెప్పిన వర్ణసమామ్నాయం ఇదే కదా. అయితే మన దంత్య చ, జ లకు ప్రత్యేకస్థానాలు 2008 దాకా రాలేదు. వచ్చిన తరువాత కూడా పాత ఖతులలో అవి డబ్బాలుగానే కనిపించేవి.

1991లో స్థానమిచ్చినా ఇంటి కంప్యూటరుకు తెలుగు వచ్చేసరికి పదేండ్లు పట్టింది. విండోస్ 98లో తెలుగు ఖతే లేదు. విండోస్ 2000కు హిందీ, తమిళం తెలుసు, తెలుగు తెలియదు. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఖతి వచ్చింది. వచ్చిందన్న మాటే గాని, దానిని మేల్కొలపడం ఒక క్రతువు. కంట్రోల్ ప్యానెల్ తెరవాలి, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి పోవాలి, లాంగ్వేజెస్ అనే చీటీ నొక్కాలి. అక్కడ అరబ్బీ, థాయి లిపులతో కలిపి 'సంక్లిష్ట లిపులు' అనే పెట్టెలో మనలను కూర్చోబెట్టారు. ఆ పెట్టెలో టిక్కు పెట్టాలి. వెంటనే కంప్యూటరు ఎక్స్‌పీ సీడీని అడిగేది. దుకాణంలో కూర్పించి తెచ్చుకున్న కంప్యూటర్లకు సీడీ ఎక్కడిది? ఐ386 అనే ఫోల్డరు ఏ పుణ్యాత్ముని దగ్గరనో దొరికితే దానితో పని జరిపించేవారు. ఆ క్రతువు జరగకపోతే డబ్బాలు కనిపించేవి. లేదా పోతన వంటి బయటి ఖతి వేసుకున్నవారికి, అక్షరాలు వచ్చినా వత్తు కిందికి దిగక, పొల్లు పక్కన నిలబడి, 'క్ష' విడిపోయిన జంటలా కనిపించేది. ఆ పోతన, వేమన ఖతులను తయారుచేసి ఉచితంగా ఇచ్చినవారు తిరుమల కృష్ణదేశికాచార్యులు. 2007లో విస్టా వచ్చిన తరువాతనే ఈ పెట్టె, టిక్కు, సీడీల తతంగం తప్పింది.

రాయడంలోని కష్టం వేరు కథ. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ అనే ఇంగ్లీషు స్పెల్లింగుల తెలుగు, 2006లో వీవెన్ అందించిన లేఖిని, ఇవి మీకందరికీ తెలిసినవే.

చదవడంలోని కష్టానికి మాత్రం నా దృష్టిలో పరమౌషధం 'పద్మ'. వెన్న నాగార్జున గారు చేసిన మొజిల్లా పొడిగింత అది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారూ వారే. పద్మ చేసే పని ఇంతే: పుటలో వాడిన ఖతి పేరు చూస్తుంది, ఆ ఖతి గదుల పట్టికను తన దగ్గర పెట్టుకొని, తునకలను తిరిగి వర్ణాలుగా కూర్చి, యూనికోడులో చూపుతుంది. పత్రికలవారు తమ కేసు మార్చకుండానే చదువరి ఇంట్లో అచ్చు మారిపోయేది. ఒక వ్యక్తి ఇంత మేలు చేసి ఇంత నిశ్శబ్దంగా ఉండడం మన సాహిత్యలోకంలో అరుదు.

మా ప్రాంతపు సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. గంగాధర దగ్గర కురిక్యాల గుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో చెక్కించిన శాసనమున్నది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలో ఉన్నది. అందులో తెలుగు కందపద్యాలున్నాయి. లిపి కొంత అభ్యాసం చేసినవాడు గుట్ట ఎక్కి ఈనాటికీ దానిని చదువుకోగలడు. వెయ్యేండ్ల నాటి అక్షరం పలుకుతుంది. 2002లో తెర మీదికి వచ్చిన వార్త పలకడం లేదు. పత్రికలు ఒకదాని తరువాత ఒకటి యూనికోడుకు మారాయి, మంచిదే. పాత పుటలు మాత్రం పాత గదులలోనే ఉండిపోయాయి. ఉచితంగా చోటిచ్చిన జియోసిటీసు 2009లో మూతపడినప్పుడు అక్కడున్న తెలుగు పుటలు కొన్ని పోయాయి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు పాతరకం పొడిగింతలను విసర్జించింది. దానితో పద్మకు నిలువనీడ లేకుండా పోయింది.

ఇప్పుడు రోగం తిరగబడింది. కొత్త కంప్యూటరు పాత పుటను చదవలేదు, పాత కంప్యూటరు కొత్త పుటను తెరవలేదు. ఎక్స్‌పీలోని ఎక్స్‌ప్లోరరుకు నేటి భద్రతా సంకేతాలు అర్థం కావు. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఆధారపడిన ఒక మూలపత్రానికి కాలం తీరగానే పాత యంత్రాలనేకం ఒక్కసారిగా వెలిపడ్డాయి. ఒక్కొక్కసారి కారణం మరీ చిన్నది: మదర్‌బోర్డు మీది బిళ్ళబ్యాటరీ అయిపోయి గడియారం ఏండ్ల వెనక్కి పోతుంది, ఆ తేదీకి ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు కనుక పుట తెరుచుకోదు. పుట రాకపోతే ముందు తేదీ చూడండి. సీఆర్2032 అని అడిగితే ఏ గడియారాల కొట్లోనైనా ఇస్తారు.

నేను మాత్రం పాత కంప్యూటరును పారవేయలేదు. కారణం మా ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్ వంశంలోనిది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముంబోజిపల్లిలతో పాటు మా ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మరుసటి ఏడు మొదట్లో అక్కడ పనిచేసిన ఒకాయన సీడీ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. నా దగ్గర చదువుకున్న పిల్లవాని తండ్రి. 2002 నాటి వార్తలు అప్పట్లో కొడుకు చేత దాచిపెట్టించాడట. అమ్మకం వేళ కార్మికులకు ఏమేం మాట ఇచ్చారో వాటిలో ఉన్నదని ఆయన నమ్మకం. వకీలు కాగితం అడుగుతున్నాడు.

తెరిచి చూస్తే ఇంగ్లీషు సమాసం. "సారూ, గివేం అచ్చరాలు? తెలుగేనా?" అన్నాడు. "తెలుగేనయ్యా, ముసుగేసుకున్నది" అన్నాను. పుట వచ్చింది గాని దానితో ఖతి రాలేదు. నోట్‌ప్యాడులో తెరిచి ఖతి పేరు చూసి, పద్మకు అప్పగిస్తే పదకొండు పుటలు చక్కగా పలికాయి. అచ్చువేసి ఇచ్చాను. మూడు పుటలలో ఖతి పేరే లేదు.

ఆ మూడింటినీ ఇప్పుడు చేతితో విప్పుతున్నాను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ శాసనాలలో మాటిమాటికీ చివర వచ్చే 'దానం' అనే పదాన్ని పట్టుకొని బ్రాహ్మీలిపిని ఛేదించాడు. నాకు అదృష్టవశాత్తు అంకెలు చెదరలేదు. 51 పక్కన ఉన్న పదం 'శాతం' కాక మరొకటి కాదు. అందులోని తకారం, సున్న దొరికితే, వాటితో ముత్యంపేట దొరికింది. ముత్యంపేటతో పకారం, ఏత్వం, టకారం వచ్చాయి. చక్కెర కోసం వెతికితే కకారం, దాని వత్తు బయటపడ్డాయి. పట్టికలో ఇప్పటికి నలభై ఒక్క గుర్తులు చేరాయి. రెండవ పుటలో మూడవ పేరా మొదట 'కార్మికులకు' అని స్పష్టంగా ఉన్నది. దాని తరువాతి పదం ఆరు తునకలు, వాటిలో రెండు ఇంకా తెలియవలసి ఉన్నది.