రోల్‌లోని హాలీ రూపాయి: ఆన్‌లైన్‌లో కొన్న వెండి నాణేలు వరంగల్ ద్రవ్యచరిత్రకు ఆధారమవుతాయా?

వ్యాససంగ్రహం:
హైదరాబాద్ రాజ్యపు వెండి రూపాయలు నేడు ‘రోల్’ అనే పేరుతో ఆన్‌లైన్ విక్రేతల నుండి వరంగల్‌లోని సేకర్తలకు, పరిశోధకులకు చేరుతున్నాయి. అలా వచ్చిన నాణేల దొంతరను ఈ ప్రాంతపు ద్రవ్య చలామణికి ఆధారంగా స్వీకరించవచ్చునా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. లోహాన్ని గురించి నాణెం ఇచ్చే సాక్ష్యం నిలుస్తుందని, చలామణిని గురించిన సాక్ష్యం మాత్రం అమ్మకంలోనే చెరిగిపోతుందని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

ముఖ్యపదాలు: హాలీ సిక్కా, కల్దారు, నాణెశాస్త్రం, నిధి, లభ్యస్థలం.

1. హాలీ, కల్దారు

‘హాలీ’ అంటే ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. మహబూబ్ అలీఖాన్ పాలనలో 1903 ప్రాంతాన యంత్రంపై ముద్రించిన చార్మినార్ రూపాయి వాడుకలోకి వచ్చింది. చార్మినార్ ద్వారంలో ‘మీమ్’ అక్షరం ఉంటే అది మహబూబ్ కాలపు నాణెం, ‘ఐన్’ ఉంటే 1911 తరువాతి ఉస్మాన్ అలీఖాన్ కాలపు నాణెం. పక్కనే బ్రిటిష్ ఇండియా రూపాయి కూడా ఉండేది. ‘కల్’ అంటే యంత్రం కనుక దాన్ని జనం ‘కల్దారు’ అన్నారు. రాజ్యంలో శిస్తు లెక్క హాలీలో సాగేది. సరిహద్దు దాటిన సరకు లెక్క కల్దారులో తేలేది. రైలు మార్గం మీద ఉండి, 1934లో ఆజంజాహీ మిల్లు నెలకొన్న వరంగల్ వంటి పత్తి వ్యాపార కేంద్రానికి ఈ రెండు లెక్కలూ తెలిసినవే.

వీటి మధ్య అధికారిక మారకం 100 కల్దారు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు, అంటే ఆరింటికి ఏడు. ఈ అంకెను పాలకుల నిర్ణయంగా మాత్రమే చూడడం పరిపాటి. నాణేలను తూచి చూస్తే వేరొక సంగతి తెలుస్తుంది. హాలీ రూపాయి ప్రామాణిక బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం, అనగా 9.14 గ్రాములు. కల్దారు బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం, అనగా 10.69 గ్రాములు. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే 0.855 వస్తుంది. ఆరు బై ఏడు 0.857. షరాబు త్రాసులో తేలే విలువకూ, ప్రభుత్వం ప్రకటించిన వట్టానికీ దాదాపు తేడా లేదు.

1940లో బ్రిటిష్ ఇండియా రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. మారకం రేటు మాత్రం మారలేదు. కొత్త కల్దారులో వెండి 5.83 గ్రాములే అయినప్పుడు, పాత హాలీ నాణేన్ని ఎవరు చెల్లించారు, ఎవరు దాచుకున్నారు? 1948 తరువాత భారత రూపాయి ప్రధాన ద్రవ్యమై, హాలీ 1959లో రద్దయ్యేవరకు వరంగల్ ఇళ్లలో ఏ నాణేలు మిగిలాయి? నాణేలు సమాధానం చెప్పగలిగిన ప్రశ్నలివి.

2. దొంతరను పేర్చినదెవరు?

రోల్ అన్నది మనది కాని అలవాటు. అమెరికా బ్యాంకులు లెక్క సౌలభ్యం కోసం అర డాలర్లను ఇరవై చొప్పున, పావు డాలర్లను నలభై చొప్పున కాగితంలో చుట్టేవి. మన ప్రాంతంలో వెండి రూపాయలు సంచిలోనో, జాలెలోనో, గోడలో దాచిన ముంతలోనో ఉండేవి. కనుక ఆన్‌లైన్‌లో కనిపించే హాలీ రోల్‌ను విక్రేత నేడు పేర్చినదిగానే భావించాలి. దాని కూర్పు కూడా అతనిదే.

ఆ కూర్పులో ఏం జరుగుతుంది? అరుదైన సంవత్సరాల నాణేలను ఏరి విడివిడిగా అమ్ముతారు. మిగిలినవాటిలో స్ఫుటంగా ఉన్న రెండింటిని రెండు చివరలా ఉంచుతారు. అరిగినవి మధ్యలోకి వెళ్తాయి. అన్నిటికంటే పెద్ద నష్టం మరొకటుంది. ఒకే ముంతలో కలిసి ఉన్న హాలీని, కల్దారును వేరుచేసి రెండు రోళ్లుగా అమ్ముతారు. పైన అడిగిన ప్రశ్నలకు సమాధానం ఆ కలయికలోనే ఉంది. నిధిలోని చివరి నాణెపు సంవత్సరం దాన్ని దాచిన కాలానికి ముందు హద్దును చెబుతుంది. రోల్‌లోని చివరి నాణెం విక్రేత దగ్గర ఏం మిగిలిందో చెబుతుంది, అంతే. ఒక హిజ్రీ సంవత్సరం రోల్‌లో కనిపించకపోతే ఆ ఏడు టంకశాల పని చేయలేదని రాయడం పొరపాటు.

లభ్యస్థలం విలువ తెలంగాణ పరిశోధకులకు కొత్త విషయం కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన గోబద, నారన, సమగోప, చిముక నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి ప్రకటించారు. శాతవాహనుల తొలి కేంద్రం తెలంగాణ అన్న వాదానికి వాటి మీది పేర్లు ఎంత ముఖ్యమో, అవన్నీ ఒకే చోట దొరకడం అంత ముఖ్యం. అవే నాణేలు ఊరు పేరు లేకుండా కొరియర్‌లో వచ్చి ఉంటే ఆ వాదం లేచేదే కాదు.

సంవత్సరాన్ని చదవడంలోనూ జాగ్రత్త అవసరం. చార్మినార్ రూపాయిపై 1323 అని ఉంటే అది హిజ్రీ, అంటే క్రీ.శ. 1905–06. ఓరుగల్లు పతనమైన సంవత్సరంతో అంకె కలవడం యాదృచ్ఛికమే. ‘92’ అన్న అంకె అసలు సంవత్సరమే కాదు. అది అబ్జద్ లెక్కలో ముహమ్మద్ నామానికి సమానమైన సంఖ్య. అమ్మకపు వివరణలను యథాతథంగా పాదసూచికలోకి ఎక్కించే అలవాటు మానుకోవాలి.

3. నిలిచే సాక్ష్యం

రోల్ పూర్తిగా నిరుపయోగమని నా ఉద్దేశం కాదు. అరుగుదల, లోహం, ముద్ర అచ్చులలోని తేడాలు నాణెంతోపాటే వస్తాయి. వెండి, రాగి మిశ్రమంగా లెక్కిస్తే హాలీ నాణెం సాపేక్ష సాంద్రత దాదాపు 10.2. గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచితే దీన్ని కళాశాల ప్రయోగశాలలోనే తేల్చవచ్చు. అయితే యాభై నాణేలను కలిపి తూచరాదు. 559 గ్రాముల సగటులో ఒక నకిలీ నాణెం సులభంగా దాగుతుంది. ఒక్కొక్కదాన్నే తూచాలి. విప్పకముందే రోల్‌లోని క్రమాన్ని ఫోటో తీసి, విక్రేత రాసిన వివరణను, కొన్న తేదీని, ధరను నమోదు చేయాలి. భవిష్యత్తులో మరొకరు విక్రయాల చరిత్ర రాయదలిస్తే అవే వారికి ఆధారాలు.

4. చట్టం

1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలోనే కాదు, నేలకు అంటివున్న కట్టడంలో దాగిన విలువైన వస్తువూ నిధే. పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా పరిగణిస్తుంది. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించరాదు. మహబూబ్ కాలపు చార్మినార్ రూపాయలన్నీ ఇప్పటికే ఆ గీత దాటాయి. ఉస్మాన్ కాలపువి ఏటా కొన్ని దాటుతున్నాయి. ఒకే రోల్‌లో కొన్ని పురావస్తువులు, కొన్ని కావు. తన పేరు, చిహ్నం వాడి పాత నాణేల లావాదేవీలకు రుసుములు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా.

వరంగల్ పరిసర గ్రామాలలో పాత గోడలు కూల్చినపుడు ముంత బయటపడితే అందులో హాలీ ఎన్ని, కల్దారు ఎన్ని, చివరి సంవత్సరం ఏది అన్న మూడు అంశాలు రాసుకోవడానికి ఒక పూట చాలు. వేరుచేసి అమ్మిన మరునాడు ఆ పని ఎవరూ చేయలేరు.