అతుకు కనపడని చోటు

రెండు మూడు నెగెటివ్‌లను ఒకే కాగితం మీద కలిపి, లోకంలో ఎక్కడా లేని దృశ్యాన్ని ఫొటోగా అచ్చువేసే పద్ధతి అధివాస్తవికత అనే మాట కన్నా పాతది. మొదట దాని అవసరం ఆకాశం దగ్గర వచ్చింది. 1850ల నాటి కొలోడియన్ పలకలు నీలి వెలుగుకు విపరీతంగా స్పందించేవి. నేల మీది చెట్టూ పుట్టా స్పష్టంగా పడేంత సేపు పలకకు వెలుగు చూపిస్తే, ఆకాశం మాత్రం నెగెటివ్‌లో కమురుకుపోయి, ప్రింటులో మబ్బు తునకైనా లేని తెల్ల కాగితంగా మిగిలేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే 1856-57 ప్రాంతంలో తీసిన సముద్ర దృశ్యాల్లో కొన్నింటికి నీళ్లకొక నెగెటివ్, మబ్బులకొక నెగెటివ్ వాడి, రెంటినీ నీరూ నింగీ కలిసే గీత దగ్గర అతికాడు. ప్రకృతే గీసిన గీత కాబట్టి అక్కడ అతుకు ఎవరి కంటా పడలేదు.

ఇంగ్లండులో స్థిరపడ్డ స్వీడన్ దేశస్థుడు ఆస్కార్ రైలాండర్ 1857లో ఇదే పనిని ముప్ఫైకి పైగా నెగెటివ్‌లతో చేశాడు. ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ అనే ఆ పెద్ద చిత్రంలోని మనుషులను విడివిడిగా ఫొటో తీసి, ఒక్కొక్కరినీ వారి వారి చోట్లలో అచ్చువేశాడు. మాంచెస్టర్ ప్రదర్శనలో పెట్టిన ఆ చిత్రం ప్రతిని విక్టోరియా రాణి కొన్నది. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లతో, మంచాన పడి క్షీణిస్తున్న ఒక అమ్మాయి చిత్రం తయారుచేశాడు. అటువంటి దుఃఖాన్ని కెమెరాతో చూపడమేమిటని చాలామంది నొచ్చుకున్నారు. అది అతికిన చిత్రమని తెలిసినవాళ్లు మోసమన్నారు. రాబిన్సన్ వెనక్కి తగ్గకుండా, చిత్రాన్ని ఎలా కూర్చాలో, నెగెటివ్‌లను ఎలా కలపాలో 1869లో పుస్తకంగా రాసి అందరి ముందూ పెట్టాడు. అప్పటిదాకా స్టూడియో గోడల మధ్య ఉన్న విద్య చదివి నేర్చుకోదగినదైంది.

గురువు చిత్రాన్ని శిష్యుడు మళ్లీ చేయడం చిత్రకళలో అంతకు ముందే స్థిరపడిన ఆచారం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1793లో తెరుచుకున్న నాటి నుంచీ చిత్రకారులు అక్కడ నిలబడి పాత చిత్రాలకు నకళ్లు గీస్తున్నారు. ఫొటోగ్రఫీలో నకలు అంత సూటిగా కుదరదు. ఫొటోను చూసి ఫొటో గీయలేం. వెలుగు ఏ పక్క నుంచి పడింది, లెన్స్ నేలకు ఎంత ఎత్తులో ఉంది, ఏ భాగం ఏ నెగెటివ్ నుంచి వచ్చింది, ఒకటి ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలైంది అని చిత్రాన్ని వెనక్కి విప్పుకుంటూ పోవాలి. ఆ ముక్కలన్నీ మళ్లీ తానే తీసుకోవాలి. అందువల్ల పేరుకు నకలైనా, ఈ పని శిష్యుణ్ణి చేతిపని కన్నా ముందు పరిశోధనలోకి దింపుతుంది.

1924లో ఫ్రెంచి కవి ఆంద్రె బ్రెతోఁ ప్రకటనతో అధివాస్తవికత ఉద్యమమైంది. తెలుగు పాఠకులకు ఈ మాట శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు కవిత్వం ద్వారా పరిచయం. పారిస్‌లో దానికి ఫొటోగ్రాఫర్ మాన్ రే. కెమెరా లేకుండా కాగితం మీదే వస్తువులు పేర్చి, వెలుగు చూపి అతడు తీసిన చిత్రాలకు 1922 నుంచే పేరు వచ్చింది. అతడి స్టూడియోనే బడి. బెరెనిస్ ఆబట్ 1923లో డార్క్‌రూమ్ సహాయకురాలిగా చేరింది. 1929లో అమెరికా నుంచి వచ్చిన లీ మిల్లర్ తాను శిష్యురాలినని తానే ప్రకటించుకుని చేరింది. ఆ తర్వాత బిల్ బ్రాంట్ కొన్నాళ్లు అక్కడ పనిచేశాడు. నెగెటివ్ కడుగుతుండగా చీకట్లో కాలి మీదుగా ఏదో పాకిపోవడంతో ఉలిక్కిపడి తాను దీపం వేశానని, రూపాల చుట్టూ నల్లని అంచుగీత ఏర్పడే సోలరైజేషన్ అలా తమ చేతికి వచ్చిందని మిల్లర్ తర్వాత చెప్పింది. ఆ ప్రభావం 1860లలోనే నమోదైంది. దాన్ని మళ్లీ మళ్లీ రప్పించి, ఎంత వెలుగుకు ఎంత అంచు వస్తుందో లెక్క కట్టడంలో గురువుతో పాటు శిష్యురాలి పాలూ ఉంది. కొన్ని చిత్రాలు ఇద్దరిలో ఎవరివో తేల్చడం చరిత్రకారులకు ఇప్పటికీ కష్టమే.

జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలలో బోధించిన లాస్లో మొహోయ్-నాగీ 1937లో చికాగోలో న్యూ బౌహౌస్ తెరిచాడు. అక్కడ ఫొటోగ్రఫీ చెప్పిన హెన్రీ హోమ్స్ స్మిత్ తర్వాత ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. డెట్రాయిట్‌లో 1934లో పుట్టిన జెర్రీ యూల్స్‌మన్, రోచెస్టర్‌లో ఫొటోగ్రాఫర్ మైనర్ వైట్ దగ్గర చదివి 1957లో పట్టా తీసుకుని, ఈ స్మిత్ దగ్గరికి చేరాడు. సరిగ్గా ఆ ఏడాదే తెలుగువాళ్లు ‘మాయాబజార్’ చూసి, కంప్యూటర్ అనే మాటే తెలియని రోజుల్లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన మాయకు ముగ్ధులయ్యారు. సినిమాలో మాయకు కథ అనుమతి ఇస్తుంది. ఫొటోకు ఆ అనుమతి లేదు. ఫొటో అంటే కెమెరా ముందున్న నిజం అన్నది అప్పటి అమెరికన్ కళాశాలల్లో గట్టి నమ్మకం. షటర్ నొక్కే ముందే తుది ప్రింటును మనసులో చూడాలన్నది ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ బోధ. యూల్స్‌మన్ చిత్రాన్ని చూడడం డార్క్‌రూమ్‌లో కూడా కొనసాగవచ్చన్నాడు. 1960 నుంచి ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ అదే చేసి చూపాడు. 1967లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన చిత్రాలతో ప్రదర్శన పెట్టింది.

వేళ్లతో సహా గాలిలో తేలే చెట్టు, పైకప్పు స్థానంలో మబ్బులున్న గది, రాయిలోంచి తొంగిచూసే ముఖం ఆయన చిత్రాల్లో పదే పదే వస్తాయి. వాటిని మళ్లీ చేయబోయే విద్యార్థికి మొదట ఎదురయ్యేది ఒక మొండి నియమం. నెగెటివ్‌ను పెద్దది చేసి అచ్చువేసే ఎన్‌లార్జర్ కింద, కాగితం మీద వెలుగు పడిన చోటు డెవలపర్‌లో నల్లబడుతుంది. ఒకసారి నల్లబడ్డ చోటును రెండో నెగెటివ్ తెల్లగా చేయలేదు. కాబట్టి ఒక బొమ్మ రావలసిన చోటును ఇంకో బొమ్మ ఖాళీగా వదలాలి. మబ్బు పట్టిన రోజు తీసిన చెట్టు చుట్టూ ఆకాశం నెగెటివ్‌లో దట్టంగా ఉండి ప్రింటులో తెల్లగా వస్తుంది. ఆ తెలుపులోకి ఏ కొండనైనా దింపవచ్చు. నీలాకాశం కింద తీసిన చెట్టుకు ఆ వీలు ఉండదు. ఈ సంగతి తెలిశాక విద్యార్థి బయట తిరిగే తీరే మారిపోతుంది. మసక రోజుల కోసం, ఖాళీ గోడల కోసం, నిశ్చలమైన నీళ్ల కోసం వెతుకుతాడు.

అతుకు దగ్గర అసలు పని ఒక అట్టముక్కది. దాన్ని లెన్స్‌కూ కాగితానికీ మధ్య పట్టుకుని మెల్లగా కదిపితే వెలుగు క్రమంగా పలచబడుతుంది. అట్ట కాగితానికి దగ్గరగా ఉంటే అంచు కత్తిరించినట్టు వస్తుంది, పైకి జరిపేకొద్దీ మెత్తబడుతుంది. మొదటి బొమ్మ ఎంత దూరంలో పలచబడిందో సరిగ్గా అంత దూరంలోనే రెండోది చిక్కబడాలి. తేడా వస్తే అతుకు మీద నల్లటి చారో తెల్లటి మరకో కనిపిస్తుంది. ఒకే ఎన్‌లార్జర్‌తో పనిచేస్తే ప్రతిసారీ నెగెటివ్ మార్చి, ఎత్తూ ఫోకసూ మళ్లీ సరిచూడాలి. యూల్స్‌మన్ ఏడు ఎన్‌లార్జర్ల దాకా వరసగా పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో నెగెటివ్ బిగించి, కాగితాన్ని ఒకదాని కింది నుంచి మరొకదాని కిందికి జరుపుకుంటూ పోయేవాడు. ఏ బొమ్మ ఎక్కడ పడాలో ముందే మామూలు కాగితం మీద గీసి చూసుకునేవాడు. ఈ సేపంతా ఫొటో కాగితం తెల్లగానే ఉంటుంది. డెవలపర్ ట్రేలో వేసి, ఎర్ర దీపం కింద కాసేపు ఊపాకే చెట్టు ఎక్కడ నిలిచిందో తెలుస్తుంది. తప్పితే మళ్లీ మొదటి నుంచి.

అంచు కుదిరినా మరికొన్ని చోట్ల నకలు దొరికిపోతుంది. చెట్టు నీడ కుడికి, రాతి నీడ ఎడమకు పోతే కన్ను వెంటనే పట్టేస్తుంది. ఒక నెగెటివ్‌ను రెండింతలు, ఇంకోదాన్ని పదింతలు పెద్దది చేస్తే రెండో భాగంలో ఫిల్ము రేణువులు ముతకగా తేలి, ఇవి వేర్వేరు ముక్కలని చాటుతాయి. ఇవన్నీ పుస్తకంలో ఒక్క పేజీలో చదవవచ్చు. చేతికి పట్టుబడేది మాత్రం పాడైన ప్రింట్లు చెత్తబుట్టలో పేరుకున్నాకే.

నెగెటివ్‌లను కలపకుండా కెమెరా ముందే కూర్చే అధివాస్తవికత కూడా ఒకటి ఉంది. 1948లో ఫిలిప్ హాల్స్‌మన్ తీసిన ‘డాలీ అటామికస్’లో చిత్రకారుడు డాలీ, మూడు పిల్లులు, బారెడు నీటి ధార, కుర్చీ అన్నీ గాలిలోనే ఉంటాయి. సహాయకులు లెక్కపెట్టి పిల్లులనూ నీళ్లనూ విసరడం, డాలీ ఎగరడం, ఫిల్ము కడిగి చూసి మళ్లీ మొదలుపెట్టడం పాతిక సార్లకు పైగా సాగింది. దిద్దని ప్రింటు కూడా మిగిలి ఉంది. అందులో ఈజిల్‌ను వేలాడదీసిన తీగ, కుర్చీని పట్టుకున్న చెయ్యి కనిపిస్తాయి. ఈజిల్ మీది చట్రం ఖాళీగా ఉంటుంది. ఆ బొమ్మను డాలీ తర్వాత వేశాడు. తుది చిత్రం పక్కన ఈ ప్రింటు పెట్టి చూడడం కన్నా మంచి పాఠం విద్యార్థికి దొరకదు.

ఫొటోషాప్ 1990లో వచ్చింది. పొరలు పేర్చే వీలు 1994లో మూడో రూపంతో చేరింది. ఒక పొరను మాస్క్‌తో మెల్లగా పలచబరచడం ఆ అట్టముక్క పనే. తేడా ఏమిటంటే తెర మీద తప్పును వెనక్కి తిప్పవచ్చు, నల్లబడ్డదాన్ని తెల్లగా చేయవచ్చు. అందుకే తెర మీద నకలు చేసేవాళ్లకు మసక రోజు విలువ ఆలస్యంగా తెలుస్తుంది. యూల్స్‌మన్ ఈ సాధనాన్ని తప్పుపట్టకపోయినా, తన పనిని మాత్రం డార్క్‌రూమ్ దాటించలేదు. ఫ్లోరిడాలోనే 1987లో చదువు ముగించి, తర్వాత ఆయన్ను పెళ్లాడిన మ్యాగీ టేలర్ ఆ ఎన్‌లార్జర్ల వరసను అనుకరించలేదు. పాత స్టూడియో ఫొటోలను, బొమ్మలను, చిన్న చిన్న వస్తువులను స్కానర్ అద్దం మీద పెట్టి, కంప్యూటర్‌లో రంగుల లోకం కట్టింది. ‘ఆలిస్’ కథకు ఆమె వేసిన చిత్రాల పుస్తకం 2008లో వచ్చింది.

యూల్స్‌మన్ 1998లో ఉద్యోగ విరమణ చేసి, 2022లో మరణించాడు. నెగెటివ్‌లను చిన్న ప్రింట్లుగా చూపే కాంటాక్ట్ షీట్లు ముందు పరుచుకుని, ఏ రాయికి ఏ ఆకాశం పొసగుతుందో వెతకడంతో ఆయన ప్రతి చిత్రం మొదలయ్యేది. ఏడాదికి వంద చిత్రాలు చేస్తే తనకు నచ్చి మిగిలేవి పదేనని చెప్పేవాడు. విద్యార్థులు మళ్లీ చేయడానికి ఎంచుకునేది ఆ పదిలోంచే.