ఒకప్పుడు ఎంత బాగుండేదో!

ఈ మాట వినపడని ఇల్లు వుండదనుకుంటాను. ఘంటసాల తర్వాత పాటేముందండీ అనే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఆవకాయ గురించీ ఇదే మాట, రేడియో నాటకాల గురించీ ఇదే మాట, ఆఖరికి కోడలు కలిపిన కాఫీ గురించీ ఇదే మాట. అయితే దీన్ని పట్టుకుని యాభై ఏళ్ళుగా తగువులాడుకుంటున్న వాళ్ళు మరికొందరున్నారు. వాళ్ళు ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ ప్రోగ్రెసివ్ రాక్, మెటల్ అనే రకం సంగీతాన్ని ప్రాణంగా చూసుకునే అభిమానులు. తమ బ్యాండు దిగజారిందా లేదా, దిగజారితే ఏ సంవత్సరంలో దిగజారింది – ఇదీ తగువు. ఆ చరిత్ర తిరగేస్తూంటే నాకు చాలాచోట్ల నవ్వొచ్చింది. ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. అదెక్కడో వరసలో చెబుతాను.

1960ల చివర్లో ఇంగ్లండులో కొందరు కుర్రాళ్ళకి మూడు నిమిషాల ప్రేమపాటలు చాలవనిపించింది. గిటారూ, డ్రమ్సూ వున్నంత మాత్రాన పాటలో కథ ఎందుకుండకూడదు, పురాణం ఎందుకుండకూడదు, పాట మధ్యలో తాళం ఎందుకు మారకూడదు అన్నారు. 1969లో కింగ్ క్రిమ్సన్ వాళ్ళ మొదటి రికార్డు వచ్చింది. 1972లో యెస్ అనే బ్యాండు ఎల్పీ రికార్డు ఒక పక్కంతా ఒకే పాటతో నింపేసింది. అదే ఏడు జెనెసిస్ వాళ్ళు ఇరవైమూడు నిమిషాల పాట చేశారు. జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్ ఆ ఏడే డబ్లిన్‌లో భార్య ఎర్రగౌను తొడుక్కుని, తలకి నక్క ముఖం తగిలించుకుని స్టేజీ మీదకొచ్చాడు. జనం నిర్ఘాంతపోయారు. పేపర్లలో కూడా వాళ్ళ పేరు మోగింది!

ఈ చరిత్రలో మన దేశానికీ ఓ చిన్న చోటుంది. యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ 1973లో పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ' చదువుతూ, శాస్త్రాల గురించి అడుగున వున్న చిన్న వివరణ దగ్గర ఆగిపోయాడు. దాని మీద నాలుగు పాటలు చేశారు. ఒక్కొక్కటి రికార్డు ఒక పక్క నిండేంత పాట. మొత్తం ఎనభై నిమిషాల పైమాటే. బ్యాండులో కీబోర్డులు వాయించే రిక్ వేక్‌మన్‌కి ఆ వేదాంతం ఎక్కలేదు. మాంచెస్టర్ కచేరీలో తను వాయించాల్సింది పెద్దగా లేక, స్టేజీ మీదే కూర్చుని తెప్పించుకున్న కూర తిన్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. శాస్త్రాల పాటల మధ్యలో మసాలా కూర! 1974లో బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. "వీళ్ళ పని అయిపోయింది" అనే కేక అప్పుడే మొదలయింది. 1976, 77 నాటికి మూడే మూడు స్వరాలతో పాట లాగించే పంక్ కుర్రాళ్ళు వచ్చి, ఈ పొడుగు పాటల వాళ్ళని ముసలాళ్ళ కింద జమకట్టేశారు. ఆ ముసలాళ్ళలో చాలామందికి అప్పటికి ముప్పయ్యేళ్ళు కూడా సరిగా నిండలేదు.

అసలు తగువంతా జెనెసిస్ దగ్గరుంది. చార్టర్‌హౌస్ అనే స్కూల్లో 1967లో పిల్లలు మొదలుపెట్టిన బ్యాండు అది. 1974లో గేబ్రియల్‌కి కూతురు పుట్టింది. కాన్పు కష్టమయింది, బిడ్డకి జబ్బు చేసింది. ఆయన ఆస్పత్రికీ, రికార్డింగుకీ మధ్య తిరుగుతూంటే, ఇక్కడ పని ఆగిపోతోందని తోటివాళ్ళు విసుక్కున్నారు. తాము అప్పుడు అండగా నిలవలేదని తర్వాతి రోజుల్లో వాళ్ళే ఒప్పుకున్నారు. 1975లో గేబ్రియల్ బయటికి వచ్చేశాడు. అభిమానులు ఆ ఏడుని బ్యాండు చచ్చిపోయిన సంవత్సరంగా రాసుకున్నారు. దాని వెనకాల ఒక పసిబిడ్డ వుందని ఎందరు గుర్తు పెట్టుకున్నారో!

కొత్త గాయకుడి కోసం వెతికి వెతికి, చివరికి డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్‌నే పాడమన్నారు. 1976లో వచ్చిన రికార్డు అంతకు ముందువాటికన్నా బాగా అమ్ముడుపోయింది. 1977లో గిటారిస్టు స్టీవ్ హాకెట్ కూడా వెళ్ళిపోయి ముగ్గురే మిగిలారు. 1978లో ఆ ముగ్గురూ 'ఫాలో యూ ఫాలో మీ' అనే చిన్న ప్రేమపాట చేశారు. ఇంగ్లండులో మొదటి పది పాటల్లోకి ఎక్కిన వాళ్ళ మొట్టమొదటి పాట అది.

నా మనసు చివుక్కుమన్నది ఇక్కడే. అంతవరకూ వాళ్ళ కచేరీలకి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ మగపిల్లలేనట. ఆ పాట తర్వాత ఆడపిల్లలూ రావడం మొదలెట్టారు. బ్యాండు వాళ్ళు ఆ మాట సంతోషంగా చెప్పుకుంటే, పాత అభిమానులు కొందరు దాన్నే నేరంగా రాసుకున్నారు. ఆడపిల్లలకి నచ్చిందంటే ఇంక అందులో సరుకు లేదన్నమాట! ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నదాన్ని, ఈ రాగం నాకు కొత్త కాదు. "ఆడవాళ్ళు చదువుకునే నవలలు" అన్నప్పుడు ఆ పెదవి విరుపు ఎలా వుంటుందో మీకూ తెలుసు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని చదివితే అది కాలక్షేపం, సాయంత్రం ఆఫీసు నించి వచ్చి చదివితే సాహిత్యమూనా?

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. పాత అభిమానుల బాధలో నిజమూ వుంది. 1986లో జెనెసిస్ 'ఇన్‌విజిబుల్ టచ్' అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. ఇరవైమూడు నిమిషాల పాట మూడున్నర నిమిషాలకి వచ్చింది. ఆ తీరిక, ఆ కథలు, మధ్యలో వచ్చే నిశ్శబ్దం – పోయినవి పోయినవే. రేడియోకి చిన్న పాట కావాలి. 1981 నించి ఎమ్‌టీవీ వచ్చి బొమ్మ కూడా కావాలంది. మొదటి పెళ్ళి చెదిరిపోయిన దుఃఖంలో కాలిన్స్ సొంతంగా చేసిన పాటలు అదే ఏడు రికార్డుగా వచ్చాయి. వాటిలో నక్క ముఖాలూ లేవు, పురాణాలూ లేవు. మనసు విరిగినవాడికి పెద్ద కథలు చెప్పే ఓపిక ఎక్కడిది?

తమాషా ఏమిటంటే, ఆ 'ఇన్‌విజిబుల్ టచ్' ఒక్క వారమే మొదటి స్థానంలో వుంది. మరుసటి వారం దాన్ని దింపింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ పీటర్ గేబ్రియల్! ఆయన 'స్లెడ్జ్‌హామర్' కూడా కాళ్ళు కదిలించే పాటే. వెళ్ళిపోయినవాడు నిజమైన కళాకారుడు, మిగిలినవాళ్ళు వ్యాపారులు అని పదేళ్ళు వాదించినవాళ్ళు ఆ వారం ఏం మాట్లాడుకున్నారో వినాలని వుంటుంది నాకు.

మెటల్ వాళ్ళ సంగతీ ఇంతే. మెటాలికా 1984లో నెమ్మదైన పాట ఒకటి చేస్తే అమ్ముడుపోయారన్నారు. 1991లో పాటలు కురచ చేసి, వేగం తగ్గిస్తే మళ్ళీ అదే మాట. 1996లో జుట్టు కత్తిరించుకుంటే దానిమీదా గొడవే! 2011 అక్టోబర్ 30న వాళ్ళు బెంగుళూరులో పాడినప్పుడు మా తమ్ముడు రాత్రి బస్సెక్కి వెళ్ళాడు. ఇప్పుడు వాడు మా అబ్బాయికి పాఠం చెబుతూంటాడు.

"ఒరేయ్, ఎనభైల మెటాలికా అంటే మెటాలికా. తొంభయ్యొకటి తర్వాత ఏముందిరా!"

"నువ్వు మొదట విన్నది తొంభయ్యొకటి క్యాసెట్టే కదా మావయ్యా? అమ్మ చెప్పింది."

తమ్ముడు నావంక కొరకొరా చూశాడు. నేను చారు పోపు చూసుకోవాలని లేచి వచ్చేశాను.

స్వీడన్ బ్యాండు ఓపెత్ 2011లో గొంతు చించుకునే పాట మానేసింది. పదమూడేళ్ళ తర్వాత, 2024లో ఆ గర్జన మళ్ళీ వినిపించింది. అన్నేళ్ళూ దానికోసం ఎదురుచూసిన వాళ్ళని వెక్కిరించబుద్ధి కాదు. నాకూ ఉత్తరాలొస్తాయి, "మీ మొదటి నవల లాంటిది మళ్ళీ రాయరేం?" అని. ఆ నవల చదివిన రోజుల్లో తనకి పెళ్ళి కాలేదనీ, దాన్ని దిండు కింద దాచుకునేదాన్ననీ ఒకావిడ రాసింది. అలాంటి నవల నేను మళ్ళీ రాయగలనేమో. ఆ దిండూ, ఆ వయసూ ఆవిడకి ఎక్కణ్ణించి తెచ్చిచ్చేది?

జెనెసిస్ ఆఖరి కచేరీ 2022 మార్చి 26న లండన్‌లో జరిగింది. వెన్నెముక దెబ్బతిని కాలిన్స్ డ్రమ్స్ వాయించలేని స్థితిలో వున్నాడు. ఆయన కొడుకు వాయించాడు. డెబ్భై ఒకటో ఏట కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడాడు. చివరగా అందుకున్నది చిన్న ప్రేమపాట కాదు, 1974లో గేబ్రియల్ పాడిన పాట. ఆ రోజు గేబ్రియల్ హాల్లో జనం మధ్య కూర్చుని విన్నాడు. ఎవరి కాలం గొప్పదో తేల్చుకోవడానికి వాళ్ళిద్దరికీ ఆ రాత్రి తీరిక చిక్కినట్టు లేదు.