హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రం

హైదరాబాద్ మాదాపూర్ ప్రాంతంలో, హైటెక్ సిటీకి చేరువలో, నోవోటెల్ హోటల్‌తో కలిపి కట్టిన సభా ప్రాంగణం. హెచ్ఐసీసీ అనే పొట్టి పేరుతోనే జనానికి ఎక్కువ తెలుసు. 2006లో ప్రారంభమైంది, అదే ఏడాది మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశానికి వేదికైంది. ప్రధాన మందిరం మధ్యలో ఒక్క స్తంభమూ ఉండదు. సుమారు 5,000 మంది కూర్చోవచ్చు. చిన్న సభలకైతే కదిలే గోడలతో దాన్నే గదులుగా విడదీస్తారు. ప్రతినిధుల బస, భోజనం, చర్చ ఒకేచోట సాగడం ఈ ఏర్పాటులోని అసలు బలం.

ఇక్కడ జరిగినవాటిలో అగ్రస్థానం 2010 ఆగస్టు 19–27 నాటి అంతర్జాతీయ గణిత శాస్త్రవేత్తల మహాసభదే. రామానుజన్ పుట్టిన దేశానికి ఆ సభ రావడం అదే మొదలు. ప్రారంభోత్సవంలో నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ఫీల్డ్స్ పతకాలు అందజేశారు. సభల నడుమ విశ్వనాథన్ ఆనంద్ ఏకకాలంలో 40 మందితో చదరంగం ఆడారు. 39 ఆటలు గెలిచారు, 14 ఏళ్ల కుర్రాడొకడు మాత్రం డ్రా చేసుకున్నాడు.

2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు, 2017 నవంబరు 28–30 తేదీల్లో ప్రపంచ పారిశ్రామికవేత్తల శిఖరాగ్ర సదస్సు ఇక్కడే జరిగాయి.