భూకంపములు – మన గృహములు

అమరసింహుడు భూమికి చెప్పిన పేర్లలో ‘అచల’ యొకటి. చలింపనిదని దాని యర్థము. ఆ అచలయే అప్పుడప్పుడు చలించుట లోకవిదితము. ఆరవ శతాబ్దమునందలి వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంప లక్షణములకై ఒక అధ్యాయమునే వ్రాసెను. జలమునందలి మహాప్రాణి కదలికయని కొందరును, భూభారముచే అలసిన దిగ్గజముల విశ్రాంతియని కొందరును, వాయువుల సంఘర్షణమని కొందరును చెప్పుదురని ఆయన పూర్వుల మతములను పేర్కొనెను.

నేటి శాస్త్రజ్ఞుల మతము వేరు. భూమి పైపొర పెద్ద పలకలుగా విభక్తమై యున్నది. భారతదేశపు పలక ఏటేట ఉత్తరముగా జరుగుచు ఆసియా ఖండమును నెట్టుచున్నది. ఆ ఒత్తిడి రాళ్లలో కూడుకొని, అవి ఓర్వలేనినాడు పగులువెంట జారును. హిమాలయ ప్రాంతమున నిది మెండు. ప్రాచీన శిలామయమైన దక్షిణాపథమును దీనికి అతీతము కాదు.

1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున 5.4 తీవ్రతగల భూకంపము సంభవించెను. ఒంగోలు అప్పటికి గుంటూరు జిల్లాలోనిదే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద 5.7, 2024 డిసెంబరు 4న ములుగు వద్ద 5.3 తీవ్రతగల కంపములు కలిగినవి. వీనివలన పెద్ద ప్రాణనష్టము లేకపోవుటచే మన ప్రాంతమునకు భయము లేదను నమ్మకము ప్రజలలో నాటుకొన్నది.

కిల్లారి ప్రజలును అట్లే నమ్మియుండిరి. మహారాష్ట్రమున లాతూరు జిల్లాలోని ఆ గ్రామము భూకంప పటమునందు అన్నిటికంటె తక్కువ ప్రమాదముగల మండలములో నుండెడిది. 1993 సెప్టెంబరు 30న, తెల్లవారుజామున నాలుగు గంటలు కావచ్చుచుండగా, గణేశ నిమజ్జనము ముగించి జనులు నిద్రించుచుండిరి. 6.2 తీవ్రతగల కంపము క్షణములలో లాతూరు, నాటి ఉస్మానాబాదు జిల్లాల గ్రామములను రాళ్లగుట్టలు చేసెను. దాదాపు 8,000 మంది మరణించిరి. వారి ప్రాణములు తీసినవి వారి యిండ్లే. మందమైన ఆ గోడలు మట్టితో పేర్చిన రాళ్లవి. లోపలి వరుసను వెలుపలి వరుసతో బంధించు అడ్డరాళ్లు వానికి లేవు. చలువకై దూలములపై పోసిన మట్టికప్పు నిద్రితులపై కూలెను.

భూకంపబలము నేలనుబట్టియు మారును. 1934 జనవరి 15న బీహారు, నేపాళములందు కలిగిన మహాభూకంపమున గంగామైదానపు ఒండ్రునేల నెర్రెలు విచ్చి, ఇసుకయు నీరును పైకుబికి, కట్టడములు క్రుంగిపోయెను. 2001 జనవరి 26న కచ్ఛప్రాంతము కంపించగా, రెండువందల కిలోమీటర్లకు మించిన దూరమునందున్న అహమ్మదాబాదులో సైతము అనేక అంతస్తుల భవనములు కూలెను. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు నేలయు కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రే. మాగాణికి వరమైన ఈ మెత్తని నేల కంపమును అధికము చేయును.

సముద్రమునుండియు ఆపద కలదు. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద సముద్రగర్భమున 9.1 తీవ్రతతో కలిగిన భూకంపపు కెరటములు కొన్ని గంటలకు మన కోస్తాను తాకి, ఆంధ్రదేశమున నూరుమందికి పైగా బలిగొన్నవి. 2007లో హైదరాబాదునందు సునామీ హెచ్చరిక కేంద్రము వెలసినది. కావున కెరటమునకు గంటల గడువైన దొరకవచ్చును. కాలిక్రింది కంపమునకు ఆ గడువు లేదు.

రామాపురము వంటి గ్రామములలో తాటాకు ఇండ్లు తరిగి డాబాలు పెరిగినవి. తాటాకు కప్పు పడినను మనిషి బయటపడగలడు. శ్లాబు పడినచో ఆ ఆశ లేదు. కుమారునికి వివాహమైనదని పాత పునాదిపై మరియొక అంతస్తు లేపుట యిప్పటి వాడుక. ఆ పునాది రెండవ బరువును మోయగలదో లేదో విచారించువారు కొందరే. పునాది మట్టమునను, లింటెలు మట్టమునను ఇనుపచువ్వలతో సిమెంటు కట్టును ఇంటి చుట్టును తెగకుండ వేసినచో గోడలు పెట్టెవలె కలిసి నిలుచును. మొత్తము వ్యయములో నిది స్వల్పాంశము.

భూకంపము వచ్చు తిథిని ఏ శాస్త్రమును చెప్పజాలదు. గృహస్థుని జాగ్రత్త శంకుస్థాపననాడే ఆరంభము కావలెను. మేస్త్రీని పిలుచుటకు పూర్వమే ఇట్టి విషయములను తెలిసికొనుటకు గ్రామ గ్రంథాలయమును మించిన చోటు లేదు.