'త్యాగయ్య' చిత్రం - మతచరిత్ర పరీక్ష

మతచరిత్ర తరగతిలో సినిమా చూపించడం విశ్వవిద్యాలయాలకు కొత్త కాదు. ఆ సినిమానే పరీక్షగా పెట్టినప్పుడు ఏమి అడగాలన్నదే చిక్కు. కథ వ్రాయమంటే జ్ఞాపకశక్తికి మార్కులు పడతాయి. కలిగిన భక్తిని వర్ణించమంటే విశ్వాసానికి పడతాయి. రెండవది మరీ అన్యాయం.

1946 నాటి 'త్యాగయ్య'నే తీసుకుందాం. చిత్తూరు నాగయ్య తానే దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, త్యాగయ్యగా నటించిన చిత్రమిది. అందులో రాజు పంపిన కానుకలను త్యాగయ్య తిరస్కరించే ఘట్టం అందరికీ తెలిసినదే. ఆ రాజు తంజావూరు నేలిన రెండవ శరభోజి (1798-1832) అనీ, ఆ సందర్భంలోనే 'నిధి చాల సుఖమా' పుట్టిందనీ ప్రతీతి. కాని కీర్తనలో శరభోజి పేరు లేదు. కానుకల మాటా లేదు. ధనం సుఖమా, రాముని సన్నిధి సుఖమా అన్న విచారణ ఉంది, నరస్తుతిపై విముఖత ఉంది. మిగిలిన కథ శిష్యుల నోటా, హరికథకుల నోటా పెరిగింది. సినిమా దానికి రూపం, ముఖం ఇచ్చింది.

కాబట్టి మేము అడగదలచిన ప్రశ్న ఇది: ఈ ఘట్టంలో కీర్తన చెప్పినదేది, సంప్రదాయం చేర్చినదేది, 1946 నాటి ప్రేక్షకుల కోసం సినిమా కల్పించినదేది? స్వాతంత్ర్యం ముంగిట నిలిచిన ప్రేక్షకులకు దర్బారు కొలువును కాదన్న కవి వేరే అర్థంలోనూ వినిపించి ఉండాలని మా ఊహ. 1981లో బాపు తీసిన 'త్యాగయ్య'ను (జె.వి. సోమయాజులు నటించినది) పక్కన పెట్టి చూస్తే ఈ పొరలు మరింత తేటపడతాయి.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో చదివిన మన విద్యార్థులకు ఈ పద్ధతి మేలు. చెవికి తెలిసిన తెలుగు లిపి దగ్గర ఆగిపోతుంది. త్యాగరాజూ (1767-1847) తమిళదేశంలో ఉండే తెలుగులో పాడినవాడే కదా. పరీక్షలో ఘట్టాన్ని రెండుసార్లు చూపాలి. కీర్తన పాఠాన్ని విద్యార్థి చదవగల లిపిలో ఇవ్వాలి. క, గ తేడా తెలియడానికి అంకెలు వేసిన తమిళ ప్రతి అయినా సరే. ఇక మార్కులంటారా, కానుకల కథ నిజమని నమ్మే విద్యార్థికీ, శంకించే విద్యార్థికీ ఒకటే కొలత: ఏ మాట ఎక్కడిదో చూపించాడా లేదా అన్నది.